ఓళిగల పండుగకు వంటిల్లు: అత్తాకోడళ్ళ సంవాదం

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగిళ్ళలో ఉగాది వంటకు నడుమ నిలిచేది ఓళిగ, అంటే బొబ్బట్టు. మిగతావి దాని చుట్టూ చేరుతాయి: పప్పు వార్చిన కట్టుతో చారు, మామిడికాయ చిత్రాన్నం, పెసరపప్పు కోసంబరి, వడలు, పాయసం, వేపపూత పచ్చడి. ఏడెనిమిది వంటకాలు, రెండు బర్నర్ల పొయ్యి, ఒక్క పూట. మరునాడు తొడకు, అంటే మాంసం వంట. అది మళ్ళీ వేరే పని.

పల్లెలో ఈ వంట పదిమంది చేతుల మీద నడిచేది. 1970లలో హోసూరుకు సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చినాక చాలా కుటుంబాలు పల్లె ఇల్లు వదిలి రెండు గదుల అద్దె ఇళ్ళకు మారాయి. తమిళనాడు ప్రభుత్వ సెలవుల పట్టికలో తెలుగు సంవత్సరాది ఉంది. కార్ఖానాల సెలవుల లెక్క వేరు. ఒకచోట సెలవైతే ఇంకోచోట షిఫ్టు ఉంటుంది. ముందురోజు రాత్రి పదింటికి ఇల్లు చేరి, తెల్లవారి ఓళిగ తట్టాల్సిన ఆడవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువేం లేరు. వంటిల్లు ఎట్లా సర్దుకుంటే ఆ పూట ఆయాసం లేకుండా గడుస్తుందన్నది వాళ్ళకు ఏటా ఎదురయ్యే ప్రశ్న.

ఆ ప్రశ్న మీద ఇక్కడ మాట్లాడేవాళ్ళు ఇద్దరు. అత్త కెలమంగలం వైపు పల్లెలో కట్టెల పొయ్యి మీద నలభై ఉగాదులు చేసిన మనిషి. కోడలు సిప్‌కాట్‌లో ఒక కార్ఖానాలో తయారైన సరుకును పరీక్షించే పనిలో ఉంది. ఇద్దరికీ ఓళిగ మీద ప్రేమే. దాన్ని చేసే తీరు మీదే తగవు.

మొదటి తగవు వంటిల్లు ఖాళీ చెయ్యడం దగ్గర. అత్త లెక్కలో పండుగకు నాలుగు రోజుల ముందే ప్రతి డబ్బా కిందికి దిగాలి, ప్రతి గిన్నెనూ తోమాలి, అటక మీది ఇత్తడి పాత్రలన్నీ ఎండ చూడాలి.

"దాంతోనే ఒక ఆదివారం పోతుంది అత్తా," అంది కోడలు. "పోయిన ఉగాదికి లెక్కపెట్టినాను. మనం వాడింది పదకొండు గిన్నెలు. తోమింది నలభై. పండుగ రోజుకు నడుము నిలవాలా వద్దా?"

ఆమె వాదం వెనక కార్ఖానాలో నేర్చిన పద్ధతి ఉంది. జపాను పరిశ్రమల్లో పుట్టిన 'ఐదు ఎస్'లు అవి: సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. అక్కరలేనిది ఏరి తీసెయ్యడం, ఉన్నదానికి చోటు కుదర్చడం, శుభ్రం చెయ్యడం, ఈ మూడింటినీ ఒక పద్ధతిగా నిలపడం, ఆ పద్ధతిని అలవాటు చేసుకోవడం. హోసూరు కార్ఖానాల వాళ్ళకు ఇవి కొత్త మాటలు కావు. ఇక్కడి టీవీఎస్ మోటార్ 2002లో జపాను వాళ్ళిచ్చే డెమింగ్ బహుమతి అందుకుంది. యంత్రాల దగ్గర పనికొచ్చింది పొయ్యి దగ్గర ఎందుకు పనికిరాదన్నది కోడలి ప్రశ్న.

"ఏరాలంటే ముందు దించాల కదమ్మా," అంది అత్త. "దించితేనే యాడ ఏముండాదో తెలిసేది. తోమేది గిన్నె కోసమే అనుకుంటివా?"

దించి చూస్తే ఆమె మాట నిజమైంది. శనగపప్పు మూడు చోట్ల దొరికింది: స్టీలు డబ్బా అడుగున పావుకిలో, రబ్బరు బ్యాండు చుట్టిన పొట్లంలో గుప్పెడు, పైన విప్పని కిలో ప్యాకెట్టు. పొట్లంలోని పప్పుకు పురుగు పట్టి, విదిలిస్తే తెల్లటి పొడి రాలింది. యాలకుల సీసాలో మిగిలింది తొక్కలే. కుక్కరు గాస్కెట్టును వేలితో లాగితే సాగింది కానీ మళ్ళీ ముడుచుకోలేదు. ఈ మూడూ పండుగ పొద్దున్నే బయటపడి ఉంటే మూడుసార్లు అంగడికి పరుగు. సరుకుల చీటీ వంటకాల పేర్లు చూసి రాసేదాని కంటే, ఖాళీ అయిన అరల ముందు నిలబడి రాసేది నమ్మకమైన చీటీ. దించడం వరకు అత్త మాటే మాట. నలభై గిన్నెలు తోమడం మాత్రం అనవసరం. వాడబోయే పదకొండూ తోమి, ఒక చోట బోర్లిస్తే చాలు.

రెండో తగవు చోటు గురించి, కాస్త పెద్దది. పల్లె వంటింట్లో పొయ్యిలు వరసగా నేల మీద, రుబ్బురోలు గోడ వార, నీళ్ళ బాన తలుపు దగ్గర ఉండేవి. ఆడవాళ్ళు కూర్చునే అన్నీ అందుకునేవాళ్ళు. కొత్త ఇంట్లో అన్నిటికీ ఒక్క గట్టు. దాని మీద మిక్సీ, నీళ్ళ క్యాను, పాల గిన్నె, నిన్నటి కూరగాయల సంచి. పిండి కలపడానికి జానెడు చోటు లేదు.

"గట్టు ఖాళీ అయితే సగం పని అయినట్టే," అంది కోడలు. "తొట్టి పక్క తడి పని: కడిగేది, తరిగేది. పొయ్యికి కుడిపక్క నూనె, ఉప్పు, పోపుల డబ్బా. మిక్సీ హాల్లో, ప్లగ్గు ఉన్నచోట. పొయ్యి దగ్గర నిలబడినోళ్ళు రెండడుగులు దాటి పోకూడదు."

ఈ ఆలోచనకు వందేళ్ళ చరిత్ర ఉంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1926లో మార్గరెట షుట్టె-లిహోట్‌స్కీ అనే వాస్తుశిల్పి కొత్త కాలనీల చిన్న ఇళ్ళ కోసం ఒక వంటగది గీసింది. దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. వంటమనిషి వేసే అడుగులు లెక్కగట్టి, పొయ్యి, తొట్టి, అరలు చేతికందేలా అమర్చింది. సుమారు 10,000 ఇళ్ళలో ఆ వంటగది కట్టారు. మన పోపుల డబ్బాలో ఉన్నదీ ఇదే తెలివి: ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మిరపకాయ ఒకే మూత కింద, నూనె కాగే లోపల అందేటట్టు.

అత్త అభ్యంతరం అడుగుల గురించి కాదు, కాళ్ళ గురించి. "నిలబడి ఎన్ని ఓళిగలు తడతావు? ముప్పై? నా అంతదానివి అయినాక చెప్పు," అంది. లెక్క ఆమె వైపే ఉంది. ఒక్కో ఓళిగ తట్టి, పెనం మీద రెండు పక్కలా కాల్చి తియ్యడానికి మూడు నిమిషాలు అనుకుంటే ముప్పై ఓళిగలకు గంటన్నర. పండుగ వంటలో అంతసేపు పట్టే పని ఇంకోటి లేదు. అంత పొడుగు పనికి మంచి చోటు దక్కాలి. ఆ గంటన్నరా మనిషి కూర్చోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిలో కూడా కూర్చుని పని చేసేందుకు తిరిగే స్టూలు ఒకటి పెట్టారు.

పొయ్యిని నేల మీదికి దించుదామని అత్త అంది. కోడలు ఒప్పుకోలేదు. గ్యాసు పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలి, అది సిలిండరుతో పాటు చెప్పే మొదటి జాగ్రత్త. చివరికి పని రెండుగా చీలింది. వంటింటి గుమ్మం దగ్గర చిన్న బల్ల, దాని మీద నూనె రాసిన అరటాకు, పక్కన పూర్ణం ఉండలు, వాటి మీది పొరకు తోపు పిండి. అత్త కూర్చుని తడుతుంది. కోడలు పెనం దగ్గర నిలబడి కాలుస్తుంది. తట్టేది, కాల్చేది ఒకేసారి నడిస్తే గంటన్నర పని గంటకు దగ్గరవుతుంది. రెండో పెనం పెడితే ఇంకా తగ్గుతుంది కానీ, అప్పుడు చారుకు పొయ్యి ఉండదు.

మూడో తగవు ముందస్తు వంట. ఇది నమ్మకానికి సంబంధించింది కాబట్టి మాట కొంచెం గట్టిపడింది.

"పూర్ణం ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెడదాం," అంది కోడలు. "చల్లబడితే గట్టిపడుతుంది, ఉండ బాగా వస్తుంది."

"రాత్రి వండింది దేవుడికి పెట్టేదా? అది చద్దిది కదమ్మా."

"దీపావళి నోముకు అతిరసాల పాకంపిండి రెండు మూడు రోజుల ముందే కలిపి పెడతారు కదా అత్తా? అది చద్ది కాదా?"

కేదారేశ్వర నోముకు ఇరవైయొక్క అతిరసాలు పెట్టే ఇళ్ళలో పాకంపిండి ముందే కలిపి మాగబెట్టడం ఎప్పటినుంచో ఉంది. మాగిన పిండితోనే అతిరసం మెత్తగా వస్తుంది. కోడలి ప్రశ్న న్యాయమైనదే. అత్త జవాబు అంతకన్నా లోతైనది.

"అది పాకం. బెల్లం దాన్ని కాపాడుతుంది, కాలేది నూనెలో. పూర్ణం ఉడికిన పప్పు. దాంట్లో నీళ్ళుండాయి. ఎండ ముదిరినాక రాత్రి బయట పెడితే పొద్దునకు జిగురు సాగుతుంది. నేను చూసినాను."

ఆహారశాస్త్రం చెప్పేదీ అదే. చిక్కటి పాకం పిండిలోని నీటిని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు ఆ నీరు అందదు. ఉడికిన పప్పులో తేమ వాటికి అందుబాటులో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం వండిన పదార్థం మామూలు గది వేడిలో రెండు గంటలు మించి ఉండకూడదు. దాచాలంటే 5 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా, వడ్డించేదాకా వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీల పైన. అంటే పూర్ణం ముందురోజు చేసుకోవచ్చు, అయితే వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి ఆరగానే ఫ్రిజ్‌లోకి పోవాలి. లోతు గిన్నెలో ముద్దగా పెడితే నడుమ భాగం చాలాసేపు వెచ్చగానే ఉండిపోతుంది. పప్పు వార్చిన కట్టు ఇంకా త్వరగా పాడయ్యేది. దాన్నీ ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు చారు తెర్లేదాకా కాచాలి.

నైవేద్యం సంగతి వేరే తేలింది. తెల్లవారి గుప్పెడు పప్పు అప్పటికప్పుడు ఉడికించి ఐదు ఓళిగలు అత్త చేస్తుంది, దేవుడికి అవి. ఇంటిల్లిపాదికీ రాత్రి పూర్ణం. దీన్ని రాజీ అనేకంటే సరైన విభజన అనాలి. ఐదు ఓళిగల పని ఎవరికీ భారం కాదు. భారమంతా మిగతా ఇరవై ఐదింటిది.

మిగతా వంటకాలకు ఇద్దరూ కలిసి గీత గీసుకున్నారు. బెల్లం తురుముకోవడం, యాలకుల పొడి, వేరుశనగలు వేయించడం రెండు రోజుల ముందే అయిపోవచ్చు. మామిడికాయ తురుము ముందురోజు రాత్రి ఉప్పు, నూనెతో కలిపి పెట్టుకోవచ్చు. కృష్ణగిరి మామిడి నాడు కాబట్టి ఉగాదికి కాయ దొరకడం కష్టం కాదు. చిత్రాన్నానికి అన్నం మాత్రం ఆ పూటే వండాలి, వెంటనే వెడల్పుగా పరిచి ఆరబెట్టాలి. వడపిండి పొద్దునే రుబ్బాలి. ముందు రుబ్బితే పులిసి నూనె తాగుతుంది. కోసంబరికి పెసరపప్పు రాత్రి నానబెట్టొచ్చు కానీ ఉప్పు వడ్డించే ముందే వెయ్యాలి. ముందు వేస్తే దోసకాయ నీరొదిలి అంతా పలచబడుతుంది. తోపు పిండి పొద్దున లేస్తూనే మొదట కలిపేది. నూనెలో కనీసం రెండు గంటలు నానితేనే తట్టేటప్పుడు చిరగకుండా సాగుతుంది.

నాలుగోది నీళ్ళు, నిప్పు. హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, కృష్ణగిరి బాగా దిగువన. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీళ్ళు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. హోసూరులో తెరిచిన గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే అదే పప్పుకు ఇక్కడ కాస్త ఎక్కువ పొద్దు పడుతుంది. నీళ్ళ సంగతి ఇంకొకటి. బోరు నీళ్ళలోని సున్నపు లవణాలు పప్పును మెత్తబడనియ్యవు. ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదని ఇక్కడి ఆడవాళ్ళు చెప్పేది అందుకే. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువున్న ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల కోసం హొగేనక్కల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చే పథకం 2013లో ఆరంభమైంది. ఇంటికి కుళాయి నీళ్ళు వచ్చిన రోజు ఒక బిందె పండుగ పప్పుకని వేరే పట్టి, మూత మీద గుడ్డ కట్టి పెట్టడం అత్త అలవాటు. ఆ బిందె నీళ్ళతో ఎవరు చేతులు కడిగినా ఆమె ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా.

కోడలిది కుక్కరు పక్షం. ప్రెస్టీజ్ కుక్కర్లు చేసే టీటీకే కంపెనీ కార్ఖానా హోసూరులోనే ఉంది. ఊళ్ళో తయారైన వస్తువును ఊళ్ళో వాడకపోవడమేమిటని ఆమె అడుగుతుంది. ఆవిరి ఒత్తిడిలో నీళ్ళ వేడి 100 డిగ్రీలు దాటి 120 దాకా పోతుంది కాబట్టి ఎత్తు బాధ కుక్కరుకు లేదు. "మెత్తగా గుజ్జయిపోతుంది, కట్టు రాదు, పూర్ణం జారిపోతుంది," అని అత్త. ఇద్దరి మాటా నిజమే. ఓళిగ పప్పు రెండు వేళ్ళ మధ్య నలగాలి, చూడడానికి మాత్రం పప్పు పప్పుగా ఉండాలి. గంటసేపు నానిన పప్పుకు ఒకటి రెండు కూతలు చాలు, నీళ్ళు ఎక్కువ పెడితే కట్టూ దండిగా వస్తుంది. కూతలు లెక్కపెట్టే మనిషి అప్పుడు ఫోన్లో ఉండకూడదు. సాఫీగా జరగాలనుకుంటే, అత్త చెప్పినట్టు, రాత్రి పూట తెరిచిన గిన్నెలోనే ఉడికించడం మేలు. రాత్రికి పొయ్యి మీద పోటీ లేదు. పొద్దున కుక్కరు అన్నానికి ఉంటుంది.

పొద్దుటి పొయ్యి వరస కాగితం మీద రాయాలని కోడలు పట్టుబట్టింది. ఎడమ బర్నరు మీద వరసగా పాలు, నైవేద్యపు పప్పు, పాయసం, అన్నం, చారు. కుడి బర్నరు మీద మొదట వడల మూకుడు, నూనె దించినాక పెనం. ఆ తర్వాత పెనం దిగదు. అత్తకు కాగితం అక్కరలేదు, నలభై ఏళ్ళుగా వరస ఆమె తలలో ఉంది. చిక్కంతా అక్కడే. వరస ఒక్కరి తలలో ఉన్నంతకాలం మిగతావాళ్ళు ప్రతి పనికీ ఆమెను అడగాలి, ఆమె ప్రతి మాటకూ చేతిలో పని ఆపి జవాబు చెప్పాలి. పండుగనాడు వంటింట్లో అలిసిపోయేది చేతుల కంటే ముందు ఆ జవాబు చెప్పే మనిషి. వంటిల్లు సర్దడమంటే ఆమెకు తెలిసినదాన్ని పదిమంది కంటికి కనబడేలా పెట్టడం.

డబ్బాల మీద పేర్లు రాయాల్సి వచ్చినప్పుడు ఇది ఇంకా తేటపడింది. అత్త చిన్నప్పుడు హోసూరు వైపు తెలుగు బడిలో చదివింది, తెలుగు తప్ప వేరే లిపి చదవలేదు. మనవడు తమిళం, ఇంగ్లీషు చదువుతాడు. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఈ ప్రాంతపు తెలుగు పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ఇంట్లో మాట తెలుగు, చేతిరాత తమిళం. వాడికి 'శనగపప్పు' అన్న మాట తెలుసు, ఆ అక్షరాలు తెలియవు.

"తమిళంలో రాస్తే నాకు తెలీదు. తెలుగులో రాస్తే వానికి తెలీదు. ఇంక ఎవరి కోసం రాసేది?" అంది అత్త. ఆ గొంతులో కోపం కంటే దిగులు ఎక్కువ.

"రెండూ రాద్దాం. పైన తెలుగు పెద్దగా, కింద తమిళం. తెలుగు మీరు రాయండి, తమిళం వాడు రాస్తాడు."

ఆ మధ్యాహ్నం అత్తా, మనవడూ నేల మీద డబ్బాల నడుమ కూర్చున్నారు. తెల్ల కాగితం ముక్కల మీద ఆమె కందిపప్పు, మెంతులు, గసగసాలు అని రాసింది. వాడు కింద తన అక్షరాలు పేర్చాడు. 'గసగసాలు' దగ్గర ఆగి, ఒకే గుర్తు రెండుసార్లు వచ్చిందని వాడే వేలితో చూపించాడు. డబ్బాలకు పేర్లుంటే పండుగ వంటలో పదేళ్ళ పిల్లవాడు కూడా సరుకు అందివ్వగలడు. ఇంతవరకు వంటిల్లు ఎరగని మగవాడూ అందివ్వగలడు. రాత్రి షిఫ్టు దిగి ఆరింటికి ఇల్లు చేరే కొడుక్కి ఏ పని అప్పగించాలన్న దాని మీద తగవు చివరిదాకా తేలలేదు. నిద్రలేని మనిషిని పొయ్యి దగ్గరికి పిలవొద్దని అత్త. తానూ రాత్రి పదింటికి వచ్చిన మనిషినే కదా అని కోడలు. కొడుకు నిద్ర అత్తకు కనబడినట్టు కోడలి నిద్ర కనబడలేదు, ఈ మాటలో కోడలిదే న్యాయం. ఓళిగలు ఆరబెట్టేది, ఆకులు కడిగేది, భోజనాల తర్వాత గిన్నెలు తోమేది కొడుకు పనిగా కాగితం మీదికి ఎక్కింది. అత్త దాన్ని కొట్టెయ్యలేదు.

కాల్చిన ఓళిగను వేడిగా స్టీలు డబ్బాలో మూసిపెడితే ఆవిరి పట్టి తడుస్తుంది, సాయంత్రానికి అంటుకుపోతుంది. వెదురు జల్లెడలో తెల్లగుడ్డ పరిచి విడివిడిగా ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే డబ్బాలోకి ఎత్తాలి. ఇందులో ఇద్దరికీ భేదం లేదు. మరునాటి తొడకు విషయంలోనూ భేదం లేదు, కారణాలు మాత్రం వేరు. పల్లెలో మాంసం వంట పెరట్లో వేరే పొయ్యి మీద, వేరే కుండలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రచారానికి తెచ్చిన ఐదు సూత్రాల్లో పచ్చిమాంసాన్ని వండిన పదార్థాలకు దూరంగా ఉంచడం ఒకటి. పెరడు లేని ఇంట్లో దానికి ఒక పీట, ఒక కత్తి, ఒక గిన్నె వేరే ఉంటే చాలు. అవి తొట్టి కింద అరలో ఎర్ర గుడ్డలో చుట్టి ఉంటాయి. మిగిలిన ఓళిగలు ఫ్రిజ్‌లో పై అర, మాంసం కింది అర. నీరు కారినా కిందికే కారుతుంది.

పండుగ అయిపోయిన రెండో రోజు పెద్ద బేసిన్లు తడి లేకుండా తుడిచి అటకెక్కాయి. వాడిన పదకొండు గిన్నెల పేర్లు, అయిపోయిన సరుకులు, పొయ్యి వరస ఉన్న కాగితాన్ని కోడలు వంటింటి అర తలుపు లోపలివైపు అంటించింది, దీపావళికి చూసుకోవడానికి. దాని అడుగున అత్త తన చేత్తో ఇంకో ముక్క రాసింది: కొత్త గాస్కెట్టు, పాకానికి పాత బెల్లం, కుళాయి నీళ్ళు ఒక బిందె.